ఆరున్నొకటో ఛూటు

మా మిల్లులో ధాన్యం లెక్కపెట్టేటప్పుడు ఒకటి అనరు, లాభం అంటారు. ఏడు అనరు, ఆరున్నొకటి అంటారు. ఏడు అంటే ఎదుటివాణ్ణి ఏడవమన్నట్టు ఉంటుందనీ, గింజ ముందు ఏడుపు మాట రాకూడదనీ పెద్దల పట్టింపు. పెనుగొండ రోడ్డు మీద ఉన్న ఈ బియ్యం మిల్లులో ల్యాబ్ చూసుకోవడానికి నేను చేరి పదకొండేళ్లయింది. బీఎస్సీ చదివినదాన్ని కదా, మొదట్లో ఈ లెక్క విని నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాను. ఆరు నెలలు తిరక్కుండా నేనూ ఆరున్నొకటి అనడం మొదలుపెట్టాను. మిల్లు గేటు దాటాక మాత్రం మామూలుగా ఏడనే అంటాను.

ఈ లెక్కని అందరికంటే చక్కగా పలికే మనిషి లోవరాజు. జట్టులో హమాలీ. లారీలోంచి బస్తా దింపినవాడు అంకె చెప్పాలి, వెనకవాడు దాన్ని అందుకుని పై అంకె చెప్పాలి. ఎవడో ఒకడు పరధ్యానంలో పడి తప్పితే జట్టంతా ఆగిపోవాలి. లోవరాజు ఉన్న రోజు లెక్క తప్పేది కాదు. వీపు మీద యాభై కిలోలు ఉన్నా గొంతు వణికేది కాదు. నేను ల్యాబులో కూర్చుని గొంతుని బట్టే ఎన్నో బస్తాలో ఉన్నారో చెప్పేదాన్ని.

ఆయనది తుని అవతల ఒక చిన్న ఊరు. లోవలో ఉన్న తలుపులమ్మ తల్లికి మొక్కుకుంటే పుట్టాడని ఆ పేరు పెట్టారట. తండ్రి జీడిమామిడి తోటల్లో కూలి. పంతొమ్మిదేళ్లప్పుడు మేనమామ వెంట ఇటొచ్చి జట్టులో చేరాడు. ఒక్క సార్వా సీజను చేసి వెళ్లిపోదామనుకున్నవాడు ఇరవై రెండేళ్లు ఉండిపోయాడు. ఇక్కడే పెళ్లి చేసుకున్నాడు. భార్య అచ్చాయమ్మ ఈ ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది.

బస్తాలు మోసేవాడికి బియ్యం గురించి ఏం తెలుస్తుందని అనేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. నేను చేరిన రెండో సంవత్సరం పట్టిసీమ వైపు నుంచి ఒక లారీ ధాన్యం వచ్చింది. పైన రెండు బస్తాలు చూశాను, తేమ బాగానే ఉంది. లోవరాజు మధ్యలోంచి ఒక బస్తా తెచ్చి నా గుమ్మం పక్కన విడిగా దింపాడు.

"ఇదోసారి చూడండమ్మా. దీన్లో తడుందండి."

"మీకెలా తెలిసింది?"

"మెడ మీద చల్లగా కూర్చుందండి."

మీటరు పెట్టి చూస్తే మిగతావాటి కంటే నాలుగు శాతం ఎక్కువ చూపించింది. ఆ లారీలో సగం బస్తాలు అలాంటివే. అప్పట్నుంచి అనుమానం వస్తే ముందు ఆయన్ని అడిగి తర్వాత మీటరు తీసేదాన్ని. నా మీటరుకి బ్యాటరీలు కావాలి, మీ మెడకి అవీ అక్కర్లేదు అని ఆటపట్టించేదాన్ని.

ఆ మెడే మొన్న దాళ్వా సీజన్లో మొరాయించింది. ముందు ఎడమ చేతి వేళ్లు తిమ్మిరెక్కాయి. ఒకరోజు నా కళ్ల ముందే టీ గ్లాసు చేతిలోంచి జారిపోయింది, జారినట్టు కూడా ఆయనకి తెలియలేదు. రాజమండ్రి తీసుకెళ్లి చూపిస్తే, మెడ పూసలు అరిగిపోయాయనీ, ఇంకో సీజను బస్తా ఎత్తితే ఆ చెయ్యి పనికిరాకుండా పోతుందనీ డాక్టరు చెప్పారు. అన్నిటికీ ఆయ్, ఆయ్ అని తలూపి వచ్చి, మర్నాడు పొద్దున్నే బస్తా కింద మెడ పెట్టాడు. నాకు కోపం ఆగలేదు. నలుగురిలో కసిరాను. ఆయన దానికీ ఆయ్ అన్నాడు.

నాలుగు రోజులకి అచ్చాయమ్మ ల్యాబ్ గుమ్మం దగ్గరకొచ్చి నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"ఆయనకి ఇంకేదన్నా పని చెప్పించండమ్మా. అన్నం కలుపుకోడానికి కుడి చెయ్యుంది కదే అంటాడండి. రేపది కూడా పోతే నేను కలిపి పెట్టాలా అంటే నవ్వుతాడండి. నాకు నవ్వు రాట్లేదమ్మా."

చూస్తానని చెప్పి పంపించాను. ఏం చూడాలో నాకు తెలియలేదు. మిల్లులో బస్తా మొయ్యని పనులు ఎన్నో లేవు. గేటు దగ్గర ఉన్న మనిషి లోవరాజు కంటే పెద్దవాడు, ఆయన్ని లేపి ఈయన్ని కూర్చోబెట్టలేం.

అదే నెలలో మా షావుకారు జోగేశ్వరరావుగారు కొత్త సార్టర్ మిషను తెప్పించారు. బియ్యంలోంచి నల్ల గింజలు, పచ్చగా మారిన గింజలు ఏరేసే మిషను అది. పైనుంచి బియ్యం పలకల మీదుగా జారుతుంది. ఒక్కో పలకని ఛూటు అంటారు. జారే ప్రతి గింజనీ కెమెరా చూస్తుంది. నచ్చని గింజ కనబడితే గాలి ఫట్‌మని కొట్టి పక్క గొట్టంలోకి తోసేస్తుంది. మా మిషనుకి అలాంటి ఛూట్లు ఆరున్నొకటి ఉన్నాయి.

దాన్ని నడపడానికి తణుకు నుంచి ఐటీఐ చదివినవాణ్ణి పెట్టుకుందామని షావుకారుగారు అనుకున్నారు. నేను వెళ్లి లోవరాజు పేరు చెప్పాను.

"లోవరాజు మంచోడే. కానీ ఇది మిషనమ్మా సత్యలక్ష్మీ."

"మీకు మిషను తెలిసినవాడు కావాలా సార్, బియ్యం తెలిసినవాడు కావాలా?"

"రెండూ తెలిసినవాడు కావాలి."

"రెండూ తెలిస్తే వాడే మిల్లు పెట్టుకుంటాడు కదండీ."

కాస్త ఎక్కువే మాట్లాడాను. నా నోటి సంగతి ఆయనకి అలవాటే కాబట్టి నవ్వేసి లోవరాజుని పిలిపించారు. ఎంతవరకు చదివావని అడిగారు.

"ఆరు పాసయ్యానండి. ఆ పైన ఇంకో క్లాసు కూడా పూర్తిచేశానండి."

షావుకారుగారు బాగుందన్నట్టు తలూపారు. మిల్లు ఆవరణలో నిలబడి ఆ అంకె పలకనందుకు ఆయనకి గౌరవమే పెరిగినట్టుంది. ఆ గదిలో మాకెవరికీ అందులో వింతేమీ కనబడలేదు.

"సరే. ఈ దాళ్వా బియ్యంలో మొదటి లాటు లారీ ఎక్కేదాకా నువ్వు చెయ్యి. బాగుంటే నీకే ఇచ్చేస్తాను, నెల జీతం. లేదంటే తణుకు అతన్ని పిలుస్తాను. అతనికి ఇంకా ఏ సంగతీ చెప్పలేదు, ఆపి ఉంచాను."

లేదంటే లోవరాజు సంగతేంటని ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. బస్తాల్లోకి తిరిగి వెళ్తే చెయ్యి పోతుంది. వెళ్లకపోతే ఇంట్లో కూర్చోవాలి.

మిషను బిగించడానికి హైదరాబాదు నుంచి ఉదయ్‌భాస్కర్ అనే ఇంజనీరు వచ్చాడు. అక్కడే పుట్టి పెరిగినవాడు. తెలుగు బాగానే మాట్లాడతాడు గానీ సగం మాట నోట్లో ఉండగానే తర్వాతి మాటకి వెళ్లిపోతాడు. నాలుగు రోజులుండి లోవరాజుకి నేర్పాడు. స్క్రీను పగిలిపోతుందేమోనని లోవరాజు మొదటి రోజు దాన్ని గోటితో తాకాడు. గోటికి స్క్రీను పలకదు. ఎంత నొక్కినా కదలకపోయేసరికి, నేనంటే దీనికి పడట్లేదండి అని నాతో చెప్పుకున్నాడు. వేలు ఆనించమని ఉదయ్‌భాస్కర్ చెయ్యి పట్టుకుని చూపించాడు. ఆ వేళ్లకి బస్తా గోనె రాపిడితో కాయలు కాసి ఉన్నాయి. రెండుసార్లు నొక్కితే ఒకసారి తీసుకునేది.

అయినా మూడో రోజుకి దారిలో పడ్డాడు. అంకెలన్నీ గుర్తుపట్టాడు. అంతకంటే ముందు మిషను చప్పుడుని పట్టుకున్నాడు. నల్ల గింజలు ఎక్కువైతే గాలి దెబ్బలు దగ్గరదగ్గరగా పడతాయి, తక్కువైతే దూరంగా పడతాయి. స్క్రీను వైపు చూడకుండానే, ఈ బియ్యం నిన్నటంత బాగోలేదండి అనేవాడు. ఉదయ్‌భాస్కర్ స్క్రీను చూసి, నిజమే అనేవాడు. వెళ్లేముందు తన నంబరు ఇచ్చి, ఏ ఇబ్బంది వచ్చినా ఫోన్ చెయ్యమని, ఇంటర్నెట్ ఉంది కాబట్టి అక్కడ కూర్చునే మిషన్ని సరిచేస్తానని చెప్పాడు.

ఆ మొదటి లాటు పోసిన రోజున, పదకొండు గంటలకి నేను నమూనా తీసి ప్లేటులో పోస్తే నల్ల గింజలు కనబడ్డాయి, అదీ కాసిని కాదు. లోవరాజుకి చెప్పాను. ఆయన మిషను చుట్టూ తిరిగి, చెవి దగ్గర పెట్టి విని, చివరి ఛూటులో తేడా ఉందని కనిపెట్టేశాడు. ఇదంతా అయిదు నిమిషాల్లో. నాకు ఎంత గర్వం వేసిందో చెప్పలేను. వెంటనే ఉదయ్‌భాస్కర్‌కి ఫోన్ చేశాడు. పక్కన పొట్టు ఫ్యాను మోగుతోంది.

అటునుంచి ఏమడిగాడో నాకు వినబడలేదు. లోవరాజు మాత్రం గట్టిగా చెప్పాడు.

"ఆరున్నొకటండి."

ఒక క్షణం ఆగి మళ్లీ అన్నాడు. "ఆయ్. ఆరున్నొకటేనండి."

నేను ల్యాబుకి వచ్చేశాను. అరగంట తర్వాత కేకలు వినబడి బయటికి వెళ్తే, పనికిరాని గింజలు పడే గొట్టం కింద తెల్లటి మంచి బియ్యం గుట్టగా పడి ఉంది. మంచి బియ్యం వెళ్లే వైపు నల్ల గింజలు అలాగే పోతున్నాయి. మిషను ఆపేశారు. బయట లోడింగుకి వచ్చిన లారీ ఉంది, డ్రైవరు దిగి తొంగి చూస్తున్నాడు. షావుకారుగారు వచ్చారు. ఆయన అరిచే మనిషి కాదు. గుట్టలోంచి పిడికెడు బియ్యం తీసి చూసుకుని, లోవరాజు వైపు ఒకసారి చూసి, ఇంజనీరుకి స్పీకర్ పెట్టి ఫోన్ చేశారు.

"మీ ఆపరేటర్ చెప్పినట్టే చేశాను సార్. సిక్స్, వన్, రెండూ టైట్ చేశాను, చిన్న మచ్చున్నా తోసేసేలా."

"ఆరూ, ఒకటీ ఎందుకు చెప్పావు లోవరాజూ? పాడయింది చివరిదని సత్యలక్ష్మి చెప్పింది కదా."

"అలా చెప్పలేదండి బాబుగారండి. ఆరున్నొకటన్నానండి."

ఏం జరిగిందో షావుకారుగారికి అప్పుడే అర్థమైంది. నాకూ అర్థమైంది. ఫోన్లోంచి ఉదయ్‌భాస్కర్, "అదే కదా సార్, ఆరు, ఒకటి" అన్నాడు.

"కాదయ్యా. ఆరున్నొకటి అంటే..." అని షావుకారుగారు ఆగిపోయారు.

"అంటే ఎంత సార్?"

ఆయన నా వైపు చూశారు. నేను లోవరాజు వైపు చూశాను. లోవరాజు నేల చూపులు చూస్తున్నాడు. ముగ్గురం మిల్లు నడిమధ్య, పోసిన బియ్యం ముందు నిలబడి ఉన్నాం. అటుపక్క ఆ పిల్లవాడు హలో, హలో అంటున్నాడు. ఆ క్షణంలో నాకు ముగ్గురి మీదా కోపం వచ్చింది, అందులో నా మీద కొంచెం ఎక్కువ వచ్చింది.

"ఏడు," అన్నాను. "ఏడో ఛూటు. ఏడు."

షావుకారుగారు కళ్లు మూసుకుని తెరిచారు. పైకప్పు ఊడి పడలేదు.

"మరి ముందే ఏడని చెప్పొచ్చుగా?" అన్నాడు ఉదయ్‌భాస్కర్.

"మా మిల్లులో అలా అనమండి," అన్నారు షావుకారుగారు. ఆ మాట చెబుతుంటే ఆయనకే ఇబ్బందిగా ఉంది.

ఉదయ్‌భాస్కర్ మార్చినవన్నీ తిరిగి పాత పద్ధతికి తెచ్చి, చివరి ఛూటు అద్దం తుడవమన్నాడు. తుడిస్తే దుమ్ము, తవుడు పొర వచ్చింది. ఇంత రభస ఆ గుడ్డ ముక్కంత తవుడుకే. పడిపోయిన బియ్యాన్ని మళ్లీ మిషన్లో పోసుకుంటే సరిపోతుంది, పోయిందేమీ లేదు. కానీ లారీ ఆ రోజుకి ఖాళీగా ఆగిపోయింది.

"నాది తప్పేనండి," అన్నాడు లోవరాజు. "నోరు తిరగలేదండి."

"ఆయన తప్పేం లేదు సార్," అన్నాను. "పాడైన ఛూటు ఏదో నాకంటే, మిషను కంటే ముందు పట్టుకున్నది ఆయనే. మనం నేర్పిన మాటే ఆయన చెప్పాడు."

"నేనే నేర్పాను," అన్నారు షావుకారుగారు. "వచ్చిన మొదటి నెలలో నాన్నగారి ముందు ఆ అంకె అన్నాడు. ఆ పూట పనిలోంచి పంపించేశాం. నీకు గుర్తుందా లోవరాజూ?"

"ఆయ్. గుర్తుందండి."

షావుకారుగారు ఇటూ అటూ నాలుగు అడుగులు వేశారు. ప్రతి శుక్రవారం వాసవీ అమ్మవారి గుడికి వెళ్లే మనిషి, తండ్రి మాట దాటని మనిషి. పట్టింపు వదిలెయ్యమని నేను ఆయనకి చెప్పలేను. చివరికి ఆయనే ఒక దారి కనిపెట్టారు.

"సెవెన్ అను," అన్నారు. "సెవెన్ అంటే తప్పు లేదు. దాన్లో ఏడుపేం లేదు కదా."

"సెవెన్," అన్నాడు లోవరాజు. గింజ ముందు నిలబడే అన్నాడు. ఇంకోసారి అని చూసుకున్నాడు.

నాకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. ఎందుకంటే షావుకారుగారు వెంటనే ఇంకో మాట అన్నారు.

"రేపు పొద్దున్న ఈ లాటే మళ్లీ పోద్దాం. కొనేవాళ్ల లెక్క ప్రకారం ప్లేటులో పది నల్ల గింజల దాకా పర్వాలేదు. సత్యలక్ష్మి చూసి చెబుతుంది. పది దాటితే మాత్రం, లోవరాజూ, నన్నేమీ అనుకోకు. తణుకు అతన్ని రమ్మంటాను."

మర్నాడు నేను ఎనిమిదింటికే వచ్చాను. లోవరాజు అప్పటికే ఉన్నాడు. అద్దాలన్నీ తుడిచి, గుడ్డ భుజం మీద వేసుకుని నిలబడ్డాడు. జట్టువాళ్లు బియ్యం పోశారు. మిషను మొదలైంది. ఆయన స్టూలు మీద కూర్చోలేదు. ఇరవై రెండేళ్లలో పని చేస్తూ కూర్చోవడం ఆయన ఎరగడు.

గంట గడిచాక తల ఒక పక్కకి వంచి విన్నాడు. నాకేమీ తేడా వినబడలేదు. స్క్రీను మీదా ఏమీ లేదు. చివరి ఛూటుకి బియ్యం ఆపి, అద్దం తుడిచి, ఫోన్ తీశాడు.

"ఇంజనీరుగారండి, సెవెన్ అద్దం మసకేసిందండి. తుడిచేశానండి. మీరోసారి అక్కణ్నుంచి చూత్తారా?"

"సెవెన్ ఓకే," అని వినబడింది.

పది గంటలకి నేను నమూనా తీశాను. షావుకారుగారు, జట్టు మేస్త్రి చంద్రరావు, ఇంకో నలుగురు హమాలీలు ల్యాబ్ గుమ్మంలో మూగారు. లోవరాజు లోపలికి రాలేదు. నీలం ప్లేటులో బియ్యం పల్చగా పరిచి, పుల్లతో ఒక్కో గింజా జరుపుతూ వెతికాను. నల్ల గింజ ఒకదాన్ని గోటి కింద దాచెయ్యడం ఎంతసేపు పని. పది దాటితే దాస్తానా అని నన్ను నేను అడిగాను. దాచను. దాచకపోతే అచ్చాయమ్మకి ఏం చెప్పాలి.

ఒకటి దొరికింది. నల్ల గింజకి లాభం అనలేం కదా, ఒకటనే అన్నాను. రెండు. మూడు. తర్వాత చాలాసేపు ఏమీ దొరకలేదు. నాలుగు. ప్లేటు ఇటు నుంచి అటు దాకా మళ్లీ చూశాను.

"నాలుగు సార్," అన్నాను.

షావుకారుగారు కళ్లజోడు సర్దుకుని వంగి, అంచు దగ్గర ఒకటి చూపించారు.

"అయిదు."

"అవునండి. అయిదు."

"అయిదే," అన్నారాయన. నిటారుగా నిలబడి, గుమ్మం వైపు తిరిగారు. "చంద్రరావూ, లోవరాజుని జట్టులోంచి తీసెయ్యి. మిషను మీదకి రాయించేస్తున్నాను. లారీ లోపలికి పెట్టించు."

చంద్రరావు, మంచి గొంతు పోయిందండి మాకు, అన్నాడు. జట్టువాళ్లు లోవరాజు దగ్గరకెళ్లి వీపు మీద చరచబోయి, మెడ సంగతి గుర్తొచ్చి చేతులు వెనక్కి తీసుకున్నారు. నా గుండెల మీంచి ఎవరో బస్తా దింపినట్టయింది. రెండు గ్లాసుల మంచినీళ్లు తాగాను.

బయటికి వెళ్లి చూస్తే లోవరాజు మిషను పక్కన నిలబడి అచ్చాయమ్మకి ఫోన్ చేస్తున్నాడు. ఫ్యాను హోరుకి వినబడక స్పీకర్ పెట్టాడు. అటుపక్క బడి పిల్లల గోల, కంచాల చప్పుడు.

"ఇంక బస్తా మొయ్యక్కర్లేదంట," అన్నాడు.

"ఇవాళ్టికా?"

"ఇవాళ్టికి కాదే."

"మరి ఎన్నాళ్లకి?"

"ఇంక మొయ్యను."

"సరే, ఉంటాను. పిల్లలు కూర్చున్నారు, వడ్డించాలి," అంది అచ్చాయమ్మ గానీ ఫోన్ పెట్టలేదు.

ఈయనా పెట్టలేదు. స్పీకర్ ఆపి, ఎడమ చేత్తో ఫోన్ చెవికి ఆనించుకుని, మెల్లగా వెనక్కి జరిగి, స్టూలు మీద కూర్చున్నాడు.